ఏ దారిలోనూ నాలుగు నెలలకు మించి నిలవలేకపోతున్నాను

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పొడవుగా ఉంది కాబట్టి, ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 36 ఏళ్లు. భర్త, ఏడేళ్ల పాప ఉన్నారు. తాను పుట్టిన మతం ఏదో కావాలనే చెప్పలేదు. "చెబితే మీ జవాబు ఎటో ఒకవైపు మొగ్గుతుందేమో" అని రాశారు. చిన్నప్పుడు ఇంట్లో ప్రార్థనలు, ఆచారాలు క్రమం తప్పకుండా జరిగేవి. ఎందుకని అడిగితే మాత్రం "అలా అడగకూడదు" అనేవారు. పెద్దయ్యాక ఆమె వాటిని పట్టించుకోవడం మానేశారు. మూడేళ్ల కిందట తండ్రి హఠాత్తుగా చనిపోయారు. అంత్యక్రియల్లో చదివిన మాటల్లో ఒక్కటీ తనను తాకలేదని, "నాన్న ఇప్పుడు ఎక్కడున్నారు?" అనే ప్రశ్న ఆ రాత్రి పట్టుకుని ఇప్పటికీ వదలడం లేదని అంటున్నారు.

అప్పటి నుంచి వెతుకులాటే. మొదట పది రోజుల మౌన ధ్యాన శిబిరానికి వెళ్లారు. తర్వాత స్నేహితురాలితో కలిసి చర్చికి. ఆ తర్వాత సూఫీ జిక్ర్ (దేవుడి నామాన్ని పదేపదే స్మరించడం) చేసే ఒక చిన్న బృందం. మధ్యలో ఆన్‌లైన్ వేదాంతం క్లాసులు. "ప్రతిచోటా మొదట్లో కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇదే నా ఇల్లు అనిపిస్తుంది. మూడు నాలుగు నెలలకు అక్కడే కూర్చుని గడియారం చూసుకుంటూ ఉంటాను" అని రాశారు.

ఇప్పుడు ఇంకో ప్రార్థన బృందంలో ఉన్నారు. మనుషులు చాలా ఆప్యాయంగా ఉంటారట. కానీ వచ్చే నెల ఫలానా తేదీన దీక్ష తీసుకోవాలని, ఆలస్యం చేస్తే ఈ పిలుపు మళ్లీ రాదని ఒత్తిడి చేస్తున్నారు. అంతకుముందే ఇంట్లో ఉన్న పాత మతం వస్తువులన్నీ తీసేయాలట. వాటిలో తండ్రి రోజూ చదువుకున్న ప్రార్థన పుస్తకం కూడా ఉంది. తల్లి "మీ నాన్న ఉంటే ఎంత కుమిలిపోయేవారో" అంటున్నారు. దేవుడి మీద నమ్మకం లేని భర్త "పది చోట్ల తవ్వేవాళ్లకి ఎక్కడా నీళ్లు పడవు" అంటున్నారు. పాప "మనం ఎవరికి దండం పెట్టుకోవాలమ్మా?" అని అడుగుతోంది.

ఆమె ప్రశ్నలివి: నాది చపలత్వమా? తప్పనిసరిగా ఒక మతాన్ని ఎంచుకోవాలా? వేరేవాళ్ల ప్రార్థనలో కూర్చుంటే ఇటు మా వాళ్లనీ అటు వాళ్లనీ మోసం చేస్తున్నట్టేనా?

సమాధానం:

అమ్మా, ముందుగా ఆ తేదీ గురించి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నాకు నిజంగా ఆందోళన కలిగించింది అదే.

దీక్ష తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ తొందరపెట్టడం మాత్రం పెద్ద సంప్రదాయాల్లో అంత తేలిగ్గా కనిపించే గుణం కాదు. బుద్ధుడి కాలంలో వేరే మతశాఖ నుంచి వచ్చి భిక్షువు కావాలనుకునేవారిని నాలుగు నెలలు ఆగమనేవారు. 6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ అనే క్రైస్తవ సన్యాసి రాసిన సన్యాస నియమావళి కొత్తగా వచ్చినవారిని సులభంగా లోపలికి రానివ్వవద్దని చెబుతుంది. రెండు నెలలు గడిచాక నియమాలన్నీ చదివి వినిపించాలి. మరో ఆరు నెలలకు మళ్లీ, ఇంకో నాలుగు నెలలకు మళ్లీ. ప్రతిసారీ "ఇవి పాటించగలిగితే ఉండు, లేకపోతే స్వేచ్ఛగా వెళ్లు" అని చెప్పాలి. యూదు మతంలోకి రావాలనుకునేవారిని రబ్బీలు (ఆ మత గురువులు) సంప్రదాయంగా మొదట నిరుత్సాహపరుస్తారు. కేథలిక్ చర్చిలో పెద్దవాళ్లు బాప్తిస్మానికి సిద్ధం కావడానికి సాధారణంగా నెలలు పడుతుంది. ఇస్లాంలో విశ్వాస ప్రకటన క్షణంలో అయిపోతుంది, కానీ మతంలో బలవంతం లేదని ఖురాన్ రెండో అధ్యాయమే చెబుతోంది. శతాబ్దాలుగా మనుషుల మనసులను చూసినవాళ్లు ఎందుకు ఆగమన్నారు? మొదటి ఆవేశం ఎంత నిజమైనదో అంత త్వరగా చల్లారుతుందని వాళ్లకు తెలుసు.

మీ బృందంలో అందరూ చెడ్డవాళ్లని నేను అనడం లేదు. చాలామంది తాము పొందిన ఆనందం మీకూ దక్కాలన్న ఆరాటంతోనే తొందరపెడుతూ ఉండవచ్చు. అది తేలడానికి సులువైన మార్గం ఉంది. "నాకు ఇంకో ఏడాది సమయం కావాలి, అప్పటిదాకా ఇలాగే వస్తూ ఉంటాను" అని చెప్పి చూడండి. సంతోషంగా సరే అంటే మీరు మంచి మనుషుల మధ్య ఉన్నట్టే. ముఖాలు మాడ్చుకున్నా, భయపెట్టినా, పలకరింపులు తగ్గిపోయినా ఆ ఆప్యాయతకు ఒక షరతు ఉందని మీకే అర్థమవుతుంది. డబ్బు విషయం దాచమనడం, కుటుంబాన్ని దూరం పెట్టమనడం, నాయకుణ్ణి ప్రశ్నించకూడదనడం కూడా ఉంటే అక్కడి నుంచి బయటికి రండి. అది ఏ దేవుడి పేరు మీద జరిగినా సరే.

మీ నాన్నగారి పుస్తకం ఎవరు చెప్పినా తీసేయకండి. రేపు మీరే ఏ కారణంతోనైనా దాన్ని ఇంకొకరికి ఇవ్వాలనుకుంటే అది వేరే సంగతి. మూడేళ్ల నాటి దుఃఖం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు ఒకరి ఆజ్ఞ మీద అది ఇల్లు దాటకూడదు.

ఇప్పుడు మీరు చపలత్వం అంటున్న దాని గురించి. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మిగతా ముడులన్నీ ఇక్కడే పడ్డాయని నాకు అనిపిస్తోంది.

మూడు నాలుగు నెలలకు రుచి పోవడం మీ ఒక్కరి జబ్బు కాదు. దాని గురించి రాయని సంప్రదాయం లేదంటే అతిశయోక్తి కాదు. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన ఎవాగ్రియస్ అనే క్రైస్తవ సన్యాసి దీన్ని మధ్యాహ్న వేళ పట్టే దయ్యం అన్నాడు. అది పట్టినవాడికి సూర్యుడు కదలనట్టు, పగలు యాభై గంటలున్నట్టు అనిపిస్తుందట. మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు. తానున్న చోటు మీద అసహ్యం పుడుతుంది. ఇంకెక్కడికైనా వెళ్తే సాధన సులువుగా సాగుతుందని నమ్మకం కలుగుతుంది. మీరు గడియారం చూసుకోవడం గురించి రాసిన వాక్యం చదవగానే నాకు ఆయనే గుర్తొచ్చాడు. పతంజలి యోగసూత్రాల్లో సాధనకు వచ్చే తొమ్మిది అడ్డంకుల జాబితా ఉంది. సంశయం, సోమరితనం లాంటి వాటితోపాటు, చివర్లో రెండు సరిగ్గా మీ కష్టాన్నే చెబుతాయి: సాధనలో ఒక భూమికను, అంటే ఒక స్థాయిని, అందుకోలేకపోవడం, అందుకున్నా అందులో నిలవలేకపోవడం. బౌద్ధం కూడా ధ్యానానికి ఉన్న ఐదు ఆటంకాల్లో సందేహాన్నీ, మందకొడితనాన్నీ లెక్కవేస్తుంది. మదర్ థెరెసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాక, ఆమె దాదాపు 50 ఏళ్లు దేవుడి సన్నిధి అనుభూతి లేకుండానే పనిచేసిందని తెలిసి ప్రపంచం నివ్వెరపోయింది.

ఇవన్నీ చెప్పడం ఎందుకంటే, ఇప్పటిదాకా మీరు కన్నీళ్లు వస్తే ఇది నా దారి, కన్నీళ్లు ఆగితే ఇది నా దారి కాదు అని తీర్పు ఇచ్చుకుంటూ వచ్చారు. ఆ కొలతతో చూస్తే ఎక్కడికి వెళ్లినా ఫలితం ఒకటే అవుతుంది. ప్రతి దారిలోనూ మీరు గుమ్మం దాకా వెళ్లి, అసలు సాధన మొదలయ్యే చోట వెనక్కి తిరిగారు. అందుకే నాలుగు మతాలు చూశానని మీరు అనుకుంటున్నా, నాలుగు ఆరంభాలను మాత్రమే చూశారని నా ఉద్దేశం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎండిపోయే కాలం కూడా దారిలో భాగమేనని ఎవరూ చెప్పకపోతే ఎవరైనా అలాగే చేస్తారు.

మీవారి మాటలో సగం నిజం ఉంది. కానీ నీళ్లు ఎక్కడున్నాయో తెలియనివాళ్లు మొదట నాలుగైదు చోట్ల చూడక తప్పదు. వెతకడం దానికదే తప్పు కాదని ఆయనకు మీరు చెప్పవచ్చు. గౌతముడు బుద్ధుడు కాకముందు ఆలార కాలాముడు, ఉద్దక రామపుత్రుడు అనే ఇద్దరు గురువుల దగ్గర నేర్చుకుని, చాలదనుకుని ముందుకు వెళ్లాడు. క్రైస్తవ తత్వవేత్త అగస్టీన్ యవ్వనంలో దాదాపు తొమ్మిదేళ్లు మానీ అనే ప్రవక్త స్థాపించిన మతంలో ఉండి, సంశయవాదం వైపు వెళ్లి, తర్వాతే 387లో మిలాన్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. ముస్లిం పండితుడు ఘజాలీ 1095లో బాగ్దాద్‌లో గొప్ప ఆచార్య పదవిని వదిలేసి ఏళ్ల తరబడి తిరిగాడు. అయితే వీళ్లంతా ఒక్కోచోట మునిగి, అక్కడిది నేర్చుకుని, ఏది చాలలేదో స్పష్టంగా చెప్పగలిగాక కదిలారు. మీరు కూడా ఒక్కసారి ఆలోచించండి. ధ్యాన శిబిరం తర్వాత సాధన ఎందుకు మానేశారు? ఆ బోధలో మీకు ఒప్పుకోలేనిది ఏదైనా ఉందా, లేక ఉత్సాహం తగ్గిందా? చర్చి విషయంలో? జిక్ర్ విషయంలో? ఒప్పుకోలేనిది ఫలానా అని చెప్పగలిగిన చోటికి తిరిగి వెళ్లనవసరం లేదు. చెప్పలేని చోటు ఏదైనా ఉంటే, దాన్ని మీరు ఇంకా సరిగా చూడలేదన్నమాట.

మోసం చేస్తున్నానా అన్నారు. అతిథిగా వచ్చానని చెప్పుకుని కూర్చున్నవాళ్లు ఎవరినీ మోసం చేసినట్టు కాదు. చాలా మతాల్లో అతిథులకు చోటుంది. గురుద్వారాలో తల కప్పుకుని ఎవరైనా కూర్చోవచ్చు, లంగరులో ఎవరైనా భోజనం చేయవచ్చు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి మౌన ప్రార్థనలో ఎవరైనా పాల్గొనవచ్చు. అదే సమయంలో ప్రతి మతానికీ తనవాళ్లకే పరిమితమైనవి కొన్ని ఉంటాయి. కేథలిక్ మాస్‌ అనే ఆరాధనలో కూర్చోవచ్చు గానీ, అక్కడ ఇచ్చే దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా భావించే రొట్టె) ఆ సభలో చేరినవారికే. కొన్ని దీక్షా మంత్రాలూ అంతే. విపశ్యన ధ్యానం నేర్పే పది రోజుల శిబిరాల్లోనైతే ఆ పది రోజులూ మిగతా ప్రార్థనలు, జపాలు ఆపమంటారు, మీకూ చెప్పే ఉంటారు. ఆ గీత ఎక్కడుందో ముందే అడిగి తెలుసుకుని దాన్ని గౌరవిస్తే మీ మనసులో ఆ మోసం చేస్తున్నానన్న భావన ఉండదు.

పుట్టింటి మతానికి ద్రోహం అనే బాధకు ఒక పాత కథ చెబుతాను. ఉపాలి అనే గృహస్థు మహావీరుడి శిష్యుడు, ధనవంతుడు. బుద్ధుడితో వాదించడానికి వచ్చి, ఆయన బోధకు లొంగిపోయి, అక్కడికక్కడే శిష్యుణ్ణవుతానన్నాడు. బుద్ధుడు వెంటనే చేర్చుకోలేదు. నీలాంటి పేరున్న మనిషి బాగా విచారించుకోవాలన్నాడు. ఉపాలి పట్టు వదలకపోతే ఒప్పుకుని, ఇంకో మాట చెప్పాడు: ఇన్నాళ్లూ మీ ఇల్లు జైన సన్యాసులకు నీటిగుంటలా ఆధారంగా ఉంది, వాళ్లు వస్తే భిక్ష ఇవ్వడం మాత్రం మానకు. దారి మారినా, వెనకటివాళ్లతో ఉన్న బంధాన్ని తెంచుకోనక్కర్లేదని చెప్పిన ఈ మాటను, మీ నాన్నగారి పుస్తకం తీసేయమన్న మాట పక్కన పెట్టి చూడండి.

ఇక మీ ముందున్న దారులు. ఇందులో ఏది మంచిదో నేను తేల్చలేను, తేల్చకూడదు కూడా. ఒక్కో దాని వెంట ఏమొస్తుందో మాత్రం చెప్పగలను.

పుట్టిన మతాన్నే పెద్దయ్యాక మళ్లీ చదవడం ఒకటి. మీకు అందింది మతమంతా కాదు, మీ ఇంట్లో నడిచినంత మేరకే. "అడగకూడదు" అన్నది మీ ఇంటివాళ్లు. అదే మతంలో శతాబ్దాలుగా ప్రశ్నలు అడిగినవాళ్లు, వాదించినవాళ్లు తప్పక ఉంటారు. చదువుకున్న, ఓపిక ఉన్న ఒక గురువు దగ్గర మొదటి నుంచీ మొదలుపెడితే మీకు తెలియని లోకం కనిపించవచ్చు. భాష, పాటలు, జ్ఞాపకాలు అన్నీ అక్కడే ఉన్నాయి కాబట్టి వేరే చోట పదేళ్లకు దొరికేది ఇక్కడ త్వరగా దొరుకుతుంది. అయితే కేవలం అమ్మ కన్నీళ్లు ఆపడానికి వెనక్కి వెళ్తే, కొన్నాళ్లకు అమ్మ మీదే కోపం వస్తుంది.

మీరు చూసినవాటిలో ఒకదాన్ని ఎంచుకుని, ఏ దీక్షా లేకుండా, అతిథిగానే ఒక ఏడాది గడపడం ఇంకొకటి. మనసు ఎండిపోయినా వెళ్లాలి, కూర్చోవాలి. పతంజలి కూడా అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం, విడవకుండా, గౌరవంతో చేయాలన్నాడు. ఆ ఏడాదికి మిగతావి పక్కన పెట్టాలి, అది మీకు కష్టంగానే ఉంటుంది. ఇక్కడ చాలామంది రామకృష్ణ పరమహంసను గుర్తుచేస్తారు. ఆయన అన్ని మతాలూ సాధన చేశారు కదా అని. నిజమే, కానీ 1866లో ఇస్లాం సాధన చేసిన ఆ కొద్దిరోజులూ ఆయన తన దేవతామూర్తుల దర్శనానికి కూడా వెళ్లలేదు. అప్పటికే ఎన్నో ఏళ్లు కాళీభక్తిలో మునిగిన మనిషి ఆయన. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి అన్నట్టు ఆయన ఏదీ చేయలేదు.

ఏడాది తర్వాత కూడా నమ్మకం నిలిస్తే, పూర్తిగా చేరడం గురించి అప్పుడు ఆలోచించవచ్చు. అంబేడ్కర్ 1935లో తాను హిందువుగా చనిపోనని ప్రకటించి, నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించింది 1956 అక్టోబర్ 14న. మధ్యలో 21 ఏళ్లు. ఆయన అడిగిన ప్రశ్న మీరూ అడగాలి: ఈ మతంలో మనిషిని మనిషిగా చూస్తారా? ప్రవచనంలో ఏం చెబుతున్నారన్నదానికన్నా, లోపల ఆడవాళ్లకు, పేదవాళ్లకు, ప్రశ్నించేవాళ్లకు ఏ స్థానం ఇస్తున్నారన్నది చూడండి. మతం మారితే పెళ్లి, వారసత్వం, పిల్లల పెంపకం, అంత్యక్రియల వంటివాటిలో చట్టపరంగా వచ్చే మార్పులు దేశాన్ని బట్టి వేరుగా ఉంటాయి. సంతకాలు పెట్టేముందు ఒక లాయర్‌ను అడగండి.

ఏ పేరూ పెట్టుకోకుండా ఉండిపోవడమూ ఒక దారే. సిమోన్ వెయిల్ అనే ఫ్రెంచ్ తత్వవేత్త క్రీస్తును గాఢంగా ప్రేమించి కూడా ఏళ్ల తరబడి బాప్తిస్మం తీసుకోకుండా చర్చి బయటే నిలబడింది. భగవద్గీతనూ అంతే ప్రేమతో చదివింది. జపాన్‌లో ఎంతోమంది షింటో ఆలయానికీ వెళ్తారు, అంత్యక్రియలు బౌద్ధ పద్ధతిలో చేసుకుంటారు, అందులో వాళ్లకు వైరుధ్యమేమీ కనిపించదు. ఒక్క మతాన్నే పట్టుకోవాలన్నది అన్ని సమాజాల నియమం కాదు. కానీ దీనికీ మూల్యం ఉంది. మీకు నచ్చినవే ఏరుకుంటారు కాబట్టి, మిమ్మల్ని సరిదిద్దేవాళ్లు ఉండరు. జబ్బు చేసినప్పుడు, చావు వచ్చినప్పుడు పిలవకుండా వచ్చే సమూహం కూడా ఉండదు. ఒంటరితనాన్ని తట్టుకోగలిగినవాళ్లకే ఇది నప్పుతుంది, మీ ఉత్తరం చదివితే మీకు మనుషుల తోడు చాలా అవసరమనిపిస్తోంది.

ఏ దారిలో ఉన్నా, సరిగ్గా వెళ్తున్నానా అని చూసుకోవడానికి బుద్ధుడు కాలాములు అనే ప్రజలకు చెప్పిన పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. ఎవరో చెప్పారనో, గ్రంథంలో ఉందనో, ఈయన మా గురువనో నమ్మేయకండి, మీలో లోభం, ద్వేషం, మోహం పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా చూసుకోండి అన్నాడు. మీ భాషలో చెప్పాలంటే: ప్రార్థన నుంచి ఇంటికి వచ్చాక పాప మీద విసుక్కోవడం తగ్గిందా? మీవారి మాటను ఓపికగా వినగలుగుతున్నారా?

నాన్నగారి గురించి ఒక మాట. ఆయన ఎక్కడున్నారన్న ప్రశ్నకు ఒక మతం పునర్జన్మ అంటుంది, ఒకటి పునరుత్థానం అంటుంది, ఇంకొకటి మౌనంగా ఉంటుంది. ఇవన్నీ ఒకటేనని సర్దిచెప్పడం నాకు ఇష్టం లేదు, అవి ఒకటి కావు. మీరు ప్రతి గుమ్మం దగ్గరా ఏడ్చింది కొంత దేవుడి కోసం, కొంత నాన్న కోసం. ఆ రెండో దుఃఖాన్ని దేవుడి మీదే పూర్తిగా మోపకండి. అమ్మతో కూర్చుని ఆయన గురించి మాట్లాడి ఎన్నాళ్లయింది? నిద్ర పట్టకపోవడం, పనుల మీద ధ్యాస లేకపోవడం ఇంకా ఉంటే ఒక కౌన్సెలర్‌ను కలవండి. దానివల్ల మీ భక్తికి వచ్చే లోటేమీ లేదు.

అమ్మతో మాట్లాడేటప్పుడు వాదనలోకి దిగకండి. ఆవిడ భయపడుతున్నది సిద్ధాంతం గురించి కాదు. భర్త తర్వాత కూతురు కూడా దూరమవుతోందని ఆవిడ టెన్షన్. "ఏడాది వరకు నేనేమీ మారడం లేదమ్మా, ఏ నిర్ణయమైనా ముందు నీకే చెబుతాను" అంటే చాలావరకు కుదుటపడతారు. ఆ మాట నిలబెట్టుకోవాలి మరి. మీవారు నమ్మకపోయినా, ఇంటి డబ్బులో, సమయంలో ఎంత దీనికి పోతోందో ఆయనకు తెలిసేలా ఉంచండి. పాపకు అబద్ధం చెప్పకండి. "అమ్మ ఇంకా నేర్చుకుంటోంది, నీకు ఎవరికి దండం పెట్టాలనిపిస్తే వాళ్లకి పెట్టు, ఎవరికీ పెట్టాలనిపించకపోయినా ఫర్వాలేదు" అంటే ఏడేళ్ల పిల్లకు బాగానే అర్థమవుతుంది. అమ్మమ్మ నేర్పే ప్రార్థనలు నేర్చుకోనివ్వండి.

ఏ దారిని ఎంచుకున్నా, అక్కడ కనీసం ఇరవై ఏళ్లుగా ఉన్న ఒక పెద్ద మనిషిని వెతికి పట్టుకోండి. ప్రసంగాలు చేసేవాళ్లు అవసరం లేదు, వెనక వరసలో కూర్చునేవాళ్లయితే ఇంకా మంచిది. "మీకు ఏమీ అనిపించని రోజులు వచ్చాయా? అప్పుడేం చేశారు?" అని అడగండి. అలాంటివి రాలేదని చెప్పేవాళ్లను ఎక్కువగా నమ్మకండి. తర్వాత, ఆ బృందాన్ని వదిలి వెళ్లిపోయినవాళ్ల గురించి అడగండి. వాళ్ల పేర్లు ప్రేమగా చెప్పి, ఇప్పుడెలా ఉన్నారో కూడా చెప్పగలిగితే, అక్కడ మీరు ఏడాది పాటు భయం లేకుండా కూర్చోవచ్చు.